ఒకే వంట తింటున్నాం: నేను తొమ్మిది కిలోలు పెరిగాను, మావారు ఏడు కిలోలు తగ్గారు

ప్రశ్న: మాది వరంగల్. పెళ్లయ్యాక హైదరాబాద్‌లో ఉన్నాం. పద్నాలుగు నెలల కిందట మావారి ఉద్యోగం మీద టెక్సస్‌లోని ఇర్వింగ్‌కు వచ్చాం. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేదాన్ని. ఇక్కడ నాది భర్త వీసా మీద వచ్చే హెచ్4 వీసా, ఉద్యోగం కుదరక ఇంట్లోనే ఉంటున్నాను. నాకు 31 ఏళ్లు, ఎత్తు 158 సెం.మీ. వచ్చేటప్పుడు 61 కిలోలు ఉన్నాను, ఇప్పుడు 70. అక్కడా రోజుకు రెండు కప్పుల బియ్యమే, ఇక్కడా రెండు కప్పులే. బయటి తిండి చాలా తక్కువ. జుట్టు రాలుతోందని ఆరు నెలలుగా బయోటిన్ (ఒక బి విటమిన్) గమ్మీలు తింటున్నాను. తుమ్ములకు ఇండియా నుంచి తెచ్చుకున్న ఎలర్జీ మాత్రలు వేసుకుంటాను. నెలసరి నలభై, నలభై ఐదు రోజులకు వస్తోంది. సొంతంగా ల్యాబ్‌కు వెళ్లి థైరాయిడ్ పరీక్ష చేయించుకుంటే టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను నడిపే హార్మోను, థైరాయిడ్ అతిగా పనిచేస్తే ఇది తగ్గుతుందట) 0.3 అని తక్కువ వచ్చింది. అది తక్కువుంటే సన్నబడాలి కదా, నేనెందుకు లావవుతున్నాను? మావారికి 34, ఎత్తు 172 సెం.మీ. ఆయన 71 కిలోలు ఉండేవారు, ఈ ఐదు నెలల్లో 64కు వచ్చారు. ఆకలి బాగానే ఉంది, మునుపటికన్నా ఎక్కువే తింటున్నారు. రాత్రి మూడు నాలుగుసార్లు లేచి నీళ్లు తాగుతున్నారు. హీటర్ గాలికి గొంతు ఎండుతోందంటారు. ఇద్దరికీ అక్కడి వాతావరణం పడలేదని అమ్మ అంటోంది. నా బరువు తగ్గే దారి చెప్పండి.

సమాధానం: మీరు అడిగింది మీ బరువు గురించి. కానీ ముందు మీవారి సంగతి చూడాలి. మీ బరువు సంగతి ఇంకో నెల ఆగినా కొంపలు మునగవు. ఆయనది ఈ వారం దాటకూడదు.

ఏ ప్రయత్నమూ చేయకుండా ఆరు నెలల నుంచి ఏడాది లోపు ఒంటి బరువులో 5 శాతం తగ్గితే కారణం వెతకాలన్నది వైద్యుల లెక్క. 71 కిలోల మనిషికి అది మూడున్నర కిలోలు. మీవారు అంతకు రెట్టింపు, అదీ ఐదు నెలల్లోనే తగ్గారు. ఊరు మారితే కిలో రెండు కిలోలు అటూ ఇటూ అవడం మామూలే. కడుపు నిండా తింటూ ఏడు కిలోలు తగ్గడాన్ని మాత్రం వాతావరణం మీదికి నెట్టలేం.

ఆకలి ఉండి బరువు తగ్గుతోందా, ఆకలి చచ్చి తగ్గుతోందా అన్నది మొదటి ప్రశ్న. ఆకలి చచ్చిపోతే ఆలోచన క్షయ, కడుపు జబ్బులు, మానసిక కుంగుబాటు, కొన్ని రకాల క్యాన్సర్ల వైపు వెళ్తుంది. బాగా తింటున్నా తగ్గిపోతుంటే ముఖ్యంగా మూడు దారులు: షుగర్, థైరాయిడ్ అతిగా పనిచేయడం, తిన్నది పేగుల్లో ఒంటబట్టకపోవడం. రాత్రి దాహం కూడా తోడైంది కాబట్టి మీవారి విషయంలో షుగరే మొదటి అనుమానం. రక్తంలో గ్లూకోజు సుమారు 180 దాటితే మూత్రపిండాలు దాన్ని పట్టి ఉంచలేవు, మూత్రంలోకి వదిలేస్తాయి. గ్లూకోజు తనతో నీటిని లాక్కుపోతుంది, అందుకే దాహం. రోజుకు 100 గ్రాముల గ్లూకోజు అలా పోతే 400 క్యాలరీల తిండి పారబోసినట్టే. పైగా ఇన్సులిన్ చాలక ఒళ్లు తన కొవ్వునూ కండనూ కరిగించుకుంటుంది. ఆయన లేచేది నీళ్లకేనా, మూత్రానికి కూడానా అని అడగండి. హీటర్ గాలికి గొంతు ఎండవచ్చు, మూత్రం మాత్రం పెరగదు.

డాక్టరు అపాయింట్‌మెంటు దొరికేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. వాల్‌మార్ట్ మందుల విభాగంలో చీటీ లేకుండానే గ్లూకోమీటరు, స్ట్రిప్పులు, సూదులు అన్నీ కలిపి పాతిక, ముప్పై డాలర్లలో వస్తాయి. పక్కనే మూత్రంలో కీటోన్లు (ఇన్సులిన్ చాలక ఒళ్లు కొవ్వును కరిగించుకున్నప్పుడు పుట్టే ఆమ్లాలు) చూసే స్ట్రిప్పుల డబ్బా ఉంటుంది, అదీ తెచ్చుకోండి. చేతులు సబ్బుతో కడిగి బాగా తుడుచుకున్నాకే పొడవాలి. పండు ఒలిచిన వేలిని అలాగే పొడిస్తే లేని షుగర్ కనిపిస్తుంది. ఉదయం పరగడుపున ఒకసారి, భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు ఒకసారి, రెండు రోజులు చూడండి. పరగడుపున 126 లేదా ఆపైన వచ్చినా, ఏ వేళలోనైనా 200 దాటినా మరునాటికల్లా డాక్టరు దగ్గరుండాలి. మీ క్లినిక్‌లో తేదీ దొరకకపోతే అర్జెంట్ కేర్‌కు (అపాయింట్‌మెంటు లేకుండా చూసే క్లినిక్‌కు) వెళ్లండి. 250 దాటి, కీటోన్ల స్ట్రిప్పు రంగు గట్టిగా మారినా, షుగర్ ఎక్కువగా ఉండి వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస, నోట్లో పండిన పండులాంటి వాసన, మగతలాంటివి కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి. అది ఎమర్జెన్సీ. 911కు ఫోన్ చేయడానికి మొహమాటపడొద్దు.

‘లావుగా లేరుగా, షుగర్ ఎందుకొస్తుంది’ అన్న మాట ఇంట్లోనే కాదు, ఒక్కోసారి క్లినిక్‌లోనూ వినిపిస్తుంది. మనవాళ్లకు సన్నగా ఉన్నా వస్తుంది. అమెరికా మధుమేహ సంఘం ఆసియావాళ్లకు బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 23 నుంచే పరీక్ష చేయమంటుంది. మీవారు 71 కిలోలున్నప్పుడు ఆయన బీఎంఐ 24. ఇంకో ముఖ్యమైన సంగతి. 34 ఏళ్లకు, సన్నబడుతూ బయటపడిన షుగర్ అంతా టైప్ 2 కాదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే ఇన్సులిన్ కణాలను మెల్లగా తినేసే రకం ఒకటుంది. టైప్ 2కు ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్రలు రాసి పంపేస్తుంటే జీఏడీ యాంటీబాడీ (ఆ దాడి జాడ చూపేది), సీ-పెప్టైడ్ (ఒళ్లు ఇంకా ఎంత ఇన్సులిన్ తయారుచేస్తోందో చెప్పేది) పరీక్షలు కూడా కావాలని అడగండి. ఆ రకమైతే మాత్రలతో నెట్టుకురావడం కుదరదు, ఇన్సులిన్ కావాలి. అది తేలేదాకా ఆయన చేత కీటో, నూనె తాగే డైట్లు, రోజుల తరబడి ఉపవాసాలు చేయించవద్దు. ఇన్సులిన్ తక్కువున్న ఒంట్లో అవి కీటోన్లను ప్రమాదకరంగా పెంచుతాయి. అమ్మానాన్నలు వచ్చినప్పుడు వదిలివెళ్లిన షుగర్ మాత్రలు ముట్టుకోవద్దు.

షుగర్ మామూలుగా వస్తే ఊరట పడి వదిలేయొద్దు. డాక్టరుతో రాయించుకోవాల్సినవి ఇవి: పరగడుపు గ్లూకోజుతో పాటు హెచ్‌బీఏ1సీ, పూర్తి రక్తకణాల పరీక్ష, కాలేయం, కిడ్నీ, ఖనిజలవణాలు కలిసిన ప్యానెల్, టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 (థైరాయిడ్ తయారుచేసే హార్మోను), ఈఎస్ఆర్ లేదా సీఆర్‌పీ (ఒంట్లో ఎక్కడైనా వాపు, ఇన్ఫెక్షన్ ఉందా అని చూసేవి), మూత్ర పరీక్ష, హెచ్ఐవీ, ఛాతీ ఎక్స్‌రే. హెచ్‌బీఏ1సీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. అది రెండు మూడు నెలల సగటు. షుగర్ ఈమధ్యే వేగంగా పెరిగి ఉంటే అది వెనకబడుతుంది. రక్తహీనత ఉన్నా, తలసీమియా (వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు) వాహకులైనా తప్పుదారి పట్టిస్తుంది. గుండె దడ, చేతుల వణుకు, వేడి ఓర్చుకోలేకపోవడం, ఎక్కువసార్లు విరేచనం అవుతుంటే థైరాయిడ్ పరీక్షను పట్టుబట్టి అడగండి.

క్షయ ఊసెత్తితే మనవాళ్లు నొచ్చుకుంటారు. నొచ్చుకోవడానికేం లేదు. ఇండియాలో ఎప్పుడో సోకి నిద్రాణంగా ఉన్న సూక్ష్మజీవి దేశం మారిన మొదటి కొన్నేళ్లలో తిరగబడటం వలస వెళ్లినవాళ్లలో తెలిసిన విషయమే. హెచ్1, హెచ్4 వీసాలకు వైద్య పరీక్ష ఉండదు కాబట్టి వచ్చేటప్పుడు ఎవరూ చూసి ఉండరు. సాయంత్రపు జ్వరం, రాత్రి చెమటలు, రెండు మూడు వారాలు దాటిన దగ్గు ఉంటే చెప్పండి. చర్మం మీద చేసే పరీక్ష మన చిన్నప్పటి బీసీజీ టీకా వల్ల లేకపోయినా ఉన్నట్టు చూపించవచ్చు. క్వాంటిఫెరాన్ అనే రక్త పరీక్షకు ఆ బెడద లేదు. ఇక ఆయన ఆఫీసులో రోజూ శాండ్‌విచ్‌లు, పాస్తా తింటూ కడుపు ఉబ్బరం, విరేచనాలతో బాధపడుతుంటే గోధుమ పడని సీలియాక్ జబ్బు కూడా జాబితాలో చేరుతుంది. దానికి చేసే టీటీజీ-ఐజీఏ పరీక్షకు ముందు గోధుమ మానకూడదు, మానేస్తే పరీక్షలో జబ్బు కనిపించకపోవచ్చు.

ఇక మీ విషయం. అన్నిటికన్నా ముందు ఇంట్లోనే గర్భ పరీక్ష చేసుకోండి. నెలసరి ఆలస్యం, బరువు పెరగడం, టీఎస్‌హెచ్ తక్కువ రావడం, మూడూ కలిసినప్పుడు అది తేల్చుకోకుండా తక్కినవేవీ మొదలుపెట్టకూడదు. తొలి నెలల్లో గర్భం వల్లే టీఎస్‌హెచ్ తగ్గుతుంది. పరీక్షలో లేదని వచ్చి, వారమైనా నెలసరి రాకపోతే మళ్లీ చేసుకోండి.

గర్భం కాదంటే ఆ 0.3 మీద పెద్ద అనుమానం బయోటిన్ గమ్మీల మీదే. జుట్టు కోసం అమ్మే గమ్మీల్లో 5,000 మైక్రోగ్రాములు, కొన్నిట్లో 10,000 ఉంటుంది. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సింది 30. చాలా ల్యాబ్ యంత్రాలు హార్మోన్లను పట్టుకోవడానికి బయోటిన్‌నే కొక్కెంలా వాడతాయి. మీ రక్తంలో తేలుతున్న బయోటిన్ ఆ కొక్కేలను ముందే ఆక్రమిస్తే టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, ఫ్రీ టీ4 ఎక్కువగా కనిపిస్తాయి. కాగితం మీద థైరాయిడ్ పరుగులు పెడుతున్నట్టు ఉంటుంది, ఒంట్లో ఏమీ ఉండదు. అంతకన్నా ఇబ్బంది, నిజంగా మందకొడిగా ఉన్న థైరాయిడ్ కూడా మామూలుగా ఉన్నట్టు కనిపించవచ్చు. గమ్మీలు కనీసం మూడు రోజులు ఆపి, టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 రెండూ మళ్లీ చేయించండి. గమ్మీలు తిన్న సంగతి ల్యాబ్‌లోనూ డాక్టరుకూ చెప్పండి. అసలు బయోటిన్ లోపం అరుదు. మీ జుట్టు రాలడానికి ఐరన్ లోపం (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ చూడాలి), థైరాయిడ్, మార్పు తెచ్చిన ఒత్తిడి ఎక్కువ నమ్మదగ్గ కారణాలు.

పోనీ థైరాయిడ్ మందకొడిగానే ఉందనుకుందాం. దానివల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి నాలుగున్నర కిలోలు, అందులోనూ ఎక్కువ భాగం ఉప్పూ నీరూ. తొమ్మిది కిలోలకు అది ఒక్కటే జవాబు కాదు. ఈ మాట మా పాఠకుల్లో చాలామందికి నచ్చదని తెలుసు.

నెలసరి 35 రోజులు దాటి రావడం నెలల తరబడి సాగుతోంది కాబట్టి పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) కోసం చూడాలి: టెస్టోస్టెరాన్, ప్రొలాక్టిన్, 17-హైడ్రాక్సీ ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్లు, హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్. అవసరమైతే స్కాన్. బరువు పెరగడం వల్ల నెలసరి తప్పుతుంది, పీసీఓఎస్ వల్ల బరువు తగ్గడం కష్టమవుతుంది; ఏది ముందో తేల్చడం అన్నిసార్లూ కుదరదు. అయితే బరువులో 5 శాతం, మీకు మూడున్నర కిలోలు, తగ్గితేనే చాలామందికి నెలసరి గాడిన పడుతుంది.

ఎలర్జీ మాత్ర పేరు మీరు రాయలేదు. అట్ట వెనక చిన్న అక్షరాలు చదవండి. బెటామెథసోన్, డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. మన దగ్గర తుమ్ములకూ దురదకూ వీటిని చాలా తేలిగ్గా ఇచ్చేస్తారు. రోజూ వేసుకుంటే ఆకలి, పొట్ట, ముఖం, షుగర్, బీపీ అన్నీ పెరుగుతాయి. మూడు వారాలకు మించి దాదాపు రోజూ వేసుకున్నట్టయితే ఒక్కసారిగా ఆపొద్దు. ఒంటికి కావాల్సిన స్టెరాయిడ్‌ను సొంతంగా తయారుచేసే అడ్రినల్ గ్రంథులు నిద్రపోయి ఉంటాయి, కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఆకలి కోసం ఇచ్చే సైప్రోహెప్టడిన్ కూడా ఎలర్జీ మందే, అదీ బరువు పెంచుతుంది. పేరూ లేబులూ లేని కీళ్లనొప్పుల పొడులు, ఆయాసం పొట్లాలు ఎవరైనా పంపితే వాటిలోనూ స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. వాడుతున్న ప్రతి మాత్రకూ ఫోటో తీసి డాక్టరుకు చూపించండి. కుంగుబాటుకు, మైగ్రేన్‌కు, మూర్ఛకు, బీపీకి ఇచ్చే కొన్ని మందులు, మూడు నెలలకోసారి వేసే గర్భనిరోధక ఇంజెక్షన్ కూడా బరువు పెంచే జాబితాలో ఉన్నాయి. మీవి ఏవైనా ఉంటే మార్చమని అడగవచ్చు, సొంతంగా మానకండి.

ఇప్పుడు వంటింటికి వద్దాం. మీ ఉత్తరంలో మాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన వాక్యం ‘అక్కడా రెండు కప్పులే, ఇక్కడా రెండు కప్పులే’. ఆ కప్పును తిరగేసి అడుగున ఏం రాసుందో చూడండి. రైస్ కుక్కర్‌తో పాటు వచ్చే కప్పు 180 మి.లీ. అమెరికా దుకాణంలో కొన్న కొలత కప్పు 240. మొదటిది బియ్యంతో నింపితే సుమారు 150 గ్రాములు, రెండోది 200. రెండు కప్పులంటే అక్కడ 300 గ్రాములు, ఇక్కడ 400. పచ్చి బియ్యం 100 గ్రాములకు దాదాపు 350 క్యాలరీలు. ఇద్దరూ సగం సగం తింటే మీ వాటాకు రోజుకు 175 ఎక్కువ. మీ తొమ్మిది కిలోల లెక్క చూడండి: కిలో కొవ్వుకు 7,700 చొప్పున మొత్తం 69,300 క్యాలరీలు. పద్నాలుగు నెలలకు పంచితే రోజుకు సుమారు 160. ఒళ్లు పెరిగేకొద్దీ దాని ఖర్చూ పెరుగుతుంది కాబట్టి అసలు తేడా 200 నుంచి 250 దాకా ఉండవచ్చు. అంటే ‘నేను ఎక్కువ తినడం లేదు’ అన్న మీ మాట అబద్ధం కానక్కర్లేదు, కప్పు మారిందంతే. కుక్కర్‌కు వచ్చిన కప్పే వాడుతున్నారని తేలితే ఈ అనుమానం కొట్టేసి తర్వాతి వాటికి పోండి.

రెండోది నూనె. అక్కడ లీటరు ప్యాకెట్టు, ఇక్కడ గాలన్ (సుమారు 3.8 లీటర్ల) డబ్బా. డబ్బా ఎత్తి మూకుడులో వంపితే ఎంత పడిందో చేతికి తెలియదు. ఒక టేబుల్‌స్పూన్ నూనె 120 క్యాలరీలు, నెయ్యి కూడా అంతే; ఆలివ్ నూనె అయినంత మాత్రాన తగ్గవు. మనిషికి రోజుకు నాలుగైదు టీస్పూన్లు, అంటే 20–25 మి.లీ., పోపుకూ వేపుడుకూ దోసెకూ అన్నిటికీ కలిపి చాలు. ఇద్దరికి నెలకు లీటరున్నర. గాలన్ డబ్బా మీద తెరిచిన తేదీ మార్కరుతో రాయండి. రెండున్నర నెలలు రావాలి. నెలన్నరకే ఖాళీ అయితే దొంగ దొరికినట్టే. చిన్న సీసాలోకి ఒంపుకుని చెంచాతో వేయడం మొదలుపెడితే సగం పని అయిపోతుంది.

ఇక్కడి పాల వల్లే లావవుతామన్న నింద మాత్రం చాలావరకు అన్యాయం. హైదరాబాద్ టోన్డ్ పాలల్లో వెన్న 3 శాతం, ఇక్కడి హోల్ మిల్క్‌లో 3.25. పాలు పెరగాలని పశువులకిచ్చే హార్మోను మన కడుపులో మామూలు మాంసకృత్తిలా అరిగిపోతుంది, మనిషి ఒంట్లో పనిచేయదు. చూడాల్సింది కాఫీలో పోసే, పాలూ మీగడా కలిపిన హాఫ్ అండ్ హాఫ్‌ను. అందులో వెన్న కనీసం పదిన్నర శాతం, టేబుల్‌స్పూన్‌కు 20 క్యాలరీలు. చిక్కటి డికాక్షన్‌లో అర కప్పు పోసుకుంటే 160. రోజుకు రెండుసార్లంటే చక్కెర కలపకముందే అన్నం కంచం అంత. పండ్ల రసం కూడా అలాంటిదే: 240 మి.లీ. గ్లాసు నారింజ రసం 110 క్యాలరీలు, తాగినా ఆకలి తీరదు. పెరుగు డబ్బా కొనేటప్పుడు తీపి కలిపినదా అని చూడండి. ఏ డబ్బా మీదైనా పెద్ద అక్షరాల్లో ఉండే క్యాలరీలు సాధారణంగా ఒక సర్వింగ్‌కు; డబ్బాలో ఎన్ని సర్వింగులో దాని పైన ఉంటుంది. మనం చూడకుండా వదిలేసే వరుస అదే.

చిరుతిళ్ల విషయం మీరు రాయలేదు కానీ అడగాలి. టెక్సస్‌కూ మనకూ వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటల తేడా. అమ్మతో మాట్లాడే వేళ అక్కడ పొద్దున, ఇక్కడ రాత్రి తొమ్మిది, పది. ఫోను చేతిలో, జంతికల డబ్బా ఒళ్లో, పక్కన ఇంకో కప్పు టీ. గుప్పెడు జంతికలు, 30 గ్రాములు, 150 క్యాలరీలు. పడుకునేసరికి ఒంటిగంట. నిద్ర ఆరు గంటలకు తగ్గితే మరునాడు ఆకలి పెరుగుతుంది, అదీ తీపి, వేపుళ్ల మీదికి. ఫోను మానొద్దు, వంటింట్లోంచి బయటికి రండి, ఫోను చెవిలో పెట్టుకుని అపార్ట్‌మెంట్ వరండాలో నడవండి. శనివారం పాట్‌లక్‌లో (తలో వంటకం తెచ్చే విందులో) తినండి, కానీ మిగిలినవి డబ్బాల్లో ఇంటికి తేకండి, వారమంతా అవే తింటారు.

నడక ఎంత తగ్గిందో ఊహించనక్కర్లేదు, మీ ఫోనే చెబుతుంది. అడుగులు లెక్కపెట్టే యాప్‌లో ఏడాది వారీ సగటు తెరిచి, హైదరాబాద్ నెలలను ఇర్వింగ్ నెలలతో పోల్చండి. ఆఫీసు మెట్లు, బస్టాపు, కూరగాయల బండి పోయి కారు వచ్చినప్పుడు రోజుకు నాలుగు వేల అడుగులు తగ్గడం వింతేమీ కాదు. మీ బరువుకు అవి 90–100 క్యాలరీలు. కప్పు తేడా, ఇదీ కలిపితేనే మీ తొమ్మిది కిలోలకు లెక్క సరిపోతుంది. జూలై ఎండలో బయట నడవమని చెప్పం. తెల్లవారాక, లేదా అపార్ట్‌మెంట్ జిమ్‌లో, లేదా మాల్‌లో నడవండి.

తూకం సంగతి ఒకటి. అమెరికా ఇళ్లలో కార్పెట్ ఉంటుంది, దాని మీద పెట్టిన మెషీన్ తప్పు చూపిస్తుంది. బాత్రూం టైల్స్ మీద పెట్టి, వారానికి రెండుసార్లు, ఉదయం మూత్రవిసర్జన అయ్యాక, కాఫీకి ముందు, పలుచని బట్టల్లో చూసి రాయండి. నెలసరి ముందు, ఊరగాయ, ఫ్రోజెన్ భోజనాలు తిన్న మరునాడు కిలో రెండు కిలోలు నీరు నిలుస్తుంది, దాన్ని చూసి ఏడవొద్దు. నడుము చుట్టు కొలత తూకం కన్నా నిజం చెబుతుంది: చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య టేపు పెట్టి చూడాలి. మన ఆడవాళ్లకు హద్దు 80 సెం.మీ., మగవాళ్లకు 90. అమెరికా బీఎంఐ పట్టికలో అధిక బరువు 25 దగ్గర మొదలవుతుంది. భారతీయులకు 23 దగ్గరే. మీకు ఇప్పుడు 28, మన లెక్కలో అది స్థూలకాయమే. హైదరాబాద్‌లో కూడా 24.4, అంటే ఇర్వింగ్‌కు ముందే గీత దాటారు.

ఉప్పు డబ్బా కూడా చూడండి. ఇండియాలో వంట ఉప్పుకు అయోడిన్ తప్పనిసరి, అమెరికాలో కాదు. గులాబీ ఉప్పు, కోషర్ ఉప్పు, సముద్రపు ఉప్పుల్లో చాలావాటిలో ఉండదు, డబ్బా మీదే ఆ మాట రాసి ఉంటుంది. బరువుకు ఇది కారణమని కాదు. థైరాయిడ్‌కూ, రేపు బిడ్డ కావాలనుకున్నప్పుడూ అయోడిన్ అవసరం. ఉప్పు పెంచకుండా రకం మార్చండి. శాకాహారులైతే బీ12, ఇంట్లోనే ఉంటున్నారు కాబట్టి విటమిన్ డి కూడా రక్త పరీక్షల్లో చేర్పించండి.

ఉద్యోగం చేసిన మనిషి వీసా వల్ల నాలుగు గోడల మధ్య ఉండిపోతే తిండీ నిద్రా రెండూ చెదురుతాయి. క్లినిక్‌లో తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి ఇస్తారు, గత రెండు వారాల్లో మనసు ఎలా ఉందని. మనలో చాలామంది అన్నిటికీ సున్నాలు పెట్టి ఇచ్చేస్తారు. ఉన్నదున్నట్టు రాయండి, మిగతా పరీక్షల్లాగే అదీ ఒక పరీక్ష. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే 988కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు.

బిల్లు దగ్గర చాలామంది దెబ్బతింటారు. ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లోని డాక్టరు దగ్గర ఏడాదికోసారి నివారణ పరీక్షకు వెళ్తే సాధారణంగా డబ్బు కట్టక్కర్లేదు. కానీ అదే సందర్భంలో ‘బరువు తగ్గుతోంది, కారణం చూడండి’ అంటే దాన్ని వేరే సమస్యగా లెక్కగట్టి బిల్లు పంపవచ్చు. మీవారికి ఆ బిల్లు తప్పించుకునే ప్రయత్నం చేయవద్దు. సమస్య చెప్పే అపాయింట్‌మెంటే తీసుకోండి, ఫోన్‌లోనే ‘ఐదు నెలల్లో ఏడు కిలోలు, అంటే పదిహేను పౌండ్లు తగ్గారు, రాత్రిళ్లు దాహం’ అని చెప్పండి. ఆ మాట వింటే తేదీ త్వరగా దొరకవచ్చు. మీకు మాత్రం ముందు నివారణ పరీక్ష చాలు, నెలసరి సంగతికి గైనకాలజిస్టు. ల్యాబ్ కూడా నెట్‌వర్క్‌లో ఉందో లేదో రక్తం ఇవ్వకముందే అడగండి. అయితే ఊదారంగు వెడల్పు చారలు పొట్ట మీద వచ్చినా, దెబ్బ తగలకుండానే చర్మం కమిలినా, కూర్చుని లేవలేనంత తొడల నీరసం ఉన్నా, కాళ్ల వాపుతో పాటు రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా నివారణ పరీక్ష దాకా ఆగొద్దు.

తిండి మార్చేటప్పుడు మీరు చేయబోయే పొరపాటు ముందే చెబుతున్నాం. ఇద్దరికీ కలిపి బియ్యం తగ్గించేస్తారు. ఆయన కంచం ముట్టుకోకండి. కారణం తేలేదాకా ఆయన తినేది తగ్గకూడదు. జ్యూసులు, కోకులు, తీపి టీ మాత్రం ఆపించండి, దాహానికి నీళ్లే. మీ బియ్యం వేరుగా తూచుకోండి. పది, పదిహేను డాలర్ల వంటింటి త్రాసు చాలు. రోజు మొత్తానికి మీ వాటా పచ్చి బియ్యం, దోసె పిండిలోదీ కలిపి, 120 నుంచి 150 గ్రాములు. పూటకు 30 గ్రాముల కందిపప్పో పెసరపప్పో, దానికి తోడు గుడ్డో పెరుగో చికెనో, కూర కంచంలో సగం. రోజుకు 1,500 క్యాలరీలకు తగ్గొద్దు. ఇలా చేస్తే వారానికి మూడు నాలుగు వందల గ్రాములు తగ్గుతారు, మొదటి వారంలో నీరు పోయి కాస్త ఎక్కువ కనిపిస్తుంది. గర్భ పరీక్షలో ఉందని వస్తే ఈ పేరా మొత్తం మీకు వర్తించదు.

ఎనిమిది వారాలు తూచి వండినా తూకం కదలకపోతే, ఆ రాసుకున్న పుస్తకం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. గ్రాముల లెక్క చేతిలో ఉంటే ‘తక్కువ తినండి’ అని పంపేయడం ఎవరికైనా కష్టం. మీవారికి షుగరే అని తేలి మందో ఇన్సులినో మొదలైతే మొదటి కొన్ని వారాల్లో రెండు మూడు కిలోలు తిరిగి వస్తాయి, ఒక్కోసారి కాళ్లలో కొద్దిగా నీరు కూడా కనిపిస్తుంది, కంటిచూపు కొన్నాళ్లు మసకబారుతుంది. మందు పడలేదని భయపడి ఆపేయకండి. కొత్త కళ్లద్దాలు మాత్రం షుగర్ ఓ రెండు నెలలు నిలకడగా ఉన్నాకే చేయించండి.